ఇస్త్రీ చొక్కా

"ఏం నాన్నా, ఉద్యోగం వచ్చిందా?" అనేసింది పక్కింటి పిన్నిగారు, పొద్దున్నే నన్ను ఇస్త్రీ చొక్కాలో చూసి. ఆవిడొచ్చింది గ్యాస్ బుక్కు ఇద్దామని. సిలిండరొస్తే తీసుకోవాలంట, ఎలాగూ ఇంట్లోనే ఉంటాగా. ఓటీపీ కూడా ఫార్వర్డ్ చేసి మరీ వెళ్ళింది.

నా పనేమో ఇంట్లోంచే బెజవాడ వన్‌టౌన్ షాపులకి జీఎస్టీ రిటర్న్‌లు వెయ్యడం. 11వ తారీఖుకి అమ్మకాల లెక్క చూపించే జీఎస్టీఆర్-1, 20కి పన్ను కట్టే 3బీ, ఈ మధ్యలో బిల్లులన్నీ వాట్సాప్‌లో వంకరటింకర ఫొటోలు, సగం వాటిల్లో జీఎస్టీ నంబర్ మీద వేలు అడ్డం. షాపులు తెరిచారంటే ఇక ఫోన్లే ఫోన్లు. అందుకే తెల్లారగట్లే బ్యారేజీ దాకా నడిచొచ్చి, స్నానం చేసి, ప్యాంటూ చొక్కా వేసుకుని ఏడింటికల్లా సిస్టమ్ ముందు కూర్చుంటున్నా, ఫోన్ సైలెంట్‌లో పెట్టి. బెజవాడ ఎండలకి పదకొండు దాటితే మా మేడ మీద గదిలో బుర్ర పనిచెయ్యదు, కూలర్ ఉన్నా సరే.

లుంగీలో పని జరగదని కాదు, బ్రహ్మాండంగా జరుగుద్ది. కాకపోతే లుంగీలో కనపడ్డోడికి వీధి వీధంతా పనులు చెప్తారు. చొక్కా ఉంటే కనీసం అడిగేముందు కాస్త మొహమాటపడుతున్నారు.

మెళ్ళో ట్యాగు కూడా ఒకటి తగిలిద్దామా అని చూస్తున్నా 😄