‘రచన’ అని నా పేరు పడేదాకా

స్కిట్లలో నటించే అమ్మాయిలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. "అక్కా, నువ్వు రైటర్‌వి ఎలా అయ్యావు? మాకు డైలాగ్ ఇచ్చి చెప్పమంటారు గానీ రాయమని ఎవరూ అనరు కదా!" నిజమే, ఎవరూ అనరు. నన్నూ అనలేదు. నటిగా నలుగురికీ తెలిశాక కూడా కలం చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

మాది తెనాలి దగ్గర పల్లె. నేను పరిషత్తు నాటికల్లోంచి వచ్చినదాన్ని. మా వైపు వాళ్ళకి పరిషత్తులంటే చెప్పనక్కర్లేదు. ఊళ్ళో స్టేజీ కట్టి రాత్రిళ్ళు వరసగా నాటికలు వేస్తారు, ముందు వరసలో న్యాయనిర్ణేతలు కూర్చుంటారు, చివరి రోజు బహుమతులు. నాటక సమాజంలో మగవాళ్ళంతా ఒక ఊరివాళ్ళే ఉంటారు, ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ వేసుకుంటారు. ఆడ పాత్రలకి మాత్రం మాలాంటివాళ్ళని పిలిపిస్తారు. ఒకే పరిషత్తులో ఒక రాత్రి ఒక సమాజానికి కోడలిగా, మర్నాడు ఇంకో సమాజానికి తల్లిగా వేసేదాన్ని. రిహార్సల్ తక్కువ దొరికేది. డైలాగులు బస్సులోనే నోటికి పట్టేదాన్ని.

నవ్వుని ఎలా పట్టుకోవాలో అక్కడే తెలిసింది. జనం నవ్వుతుండగా తర్వాతి డైలాగు చెప్పేస్తే అది ఎవరి చెవినా పడదు. పూర్తిగా ఆగేదాకా చూస్తే సీను చల్లబడిపోతుంది. నవ్వు పైకి లేచి, దిగడం మొదలైనప్పుడు అందుకోవాలి. అప్పటిదాకా ఊరికే నిలబడితే నటి బయటపడిపోతుంది, పాత్ర మాయమవుతుంది. అందుకని చేతికి ఏదో పని పెట్టుకోవాలి. కొంగు బిగించడమో, గ్లాసు తుడవడమో, బియ్యంలో రాళ్ళేరడమో. టీవీకి వచ్చాక కూడా ఈ పాఠం నన్ను చాలాసార్లు గట్టెక్కించింది. ఫ్లోర్ మీద ప్రేక్షకులు ఎదురుగా లేకపోతే, నవ్వు ఎక్కడ వస్తుందో మనసులోనే విని, అంత ఖాళీ వదిలేదాన్ని.

2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలయ్యాక స్కిట్ అన్న మాట ఇంటింటికీ వెళ్ళింది. మిగతా ఛానెళ్ళూ, తర్వాత యూట్యూబూ ఆ దారి పట్టాయి. నేను పనిచేసినవి వేరే కార్యక్రమాలు, వాటి పేర్లు ఇక్కడ అనవసరం. హైదరాబాద్ వచ్చి యూసుఫ్‌గూడలో హాస్టల్లో చేరాను. కృష్ణానగర్ నడక దూరం. అవకాశాలు చూపించే కోఆర్డినేటర్లు, మేకప్ వాళ్ళు, కాస్ట్యూమ్ అద్దెకిచ్చే కొట్లు అన్నీ అక్కడే. ఫోన్ వస్తుంది: "రేపు కాల్ టైమ్ ఏడు, రెండు చీరలు తెచ్చుకోమ్మా, భార్య క్యారెక్టర్."

ఆ భార్య క్యారెక్టర్‌ని నేను ఎన్నిసార్లు వేశానో. లోపలికి వస్తుంది, "ఏవండీ" అంటుంది, మొగుడు ఒక పంచ్ వేస్తాడు, మూతి తిప్పుకుని వెళ్ళిపోతుంది. నవ్వు అతనిది. నిజంగా పంచ్‌లున్న ఆడ పాత్ర వస్తే, లేడీ గెటప్ వేసే మగ నటుడికి వెళ్ళేది. ఆ నటుల మీద నాకు గౌరవం ఉంది. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వేసిన గడ్డ ఇది, ఆ విద్య చిన్నది కాదు. కానీ 1885లో మొదలైన సురభి నాటకాల్లో ఆడ పాత్రలకి ఆడవాళ్ళే నిలబడ్డారు. సూర్యకాంతం, రమాప్రభ, శ్రీలక్ష్మి, కోవై సరళ అందరూ మన కళ్ళముందు నవ్వించినవాళ్ళే. ఆడదానికి టైమింగ్ ఉండదనే మాట నా ముందే అన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాట నాకు బాగా నొప్పి పెట్టింది.

మార్గం ఏమిటని ఆలోచిస్తే నాకు కనపడింది ఒకటే. పంచ్ ఎవరికి వెళ్ళాలో రాసేవాడే నిర్ణయిస్తాడు కాబట్టి, రాసే గదిలో కూర్చోవాలి.

ఆ గదిని సిట్టింగ్ అంటారు. షూటింగ్‌కి ముందు రాత్రి టీమ్ లీడర్ రూమ్‌లో అందరూ చేరతారు. ఒకడు పాయింట్ చెబుతాడు, నలుగురు పంచ్‌లు విసురుతారు, ఒకడు ఫోన్లో టైప్ చేస్తాడు. ఆడ ఆర్టిస్టులకి పిలుపు ఉండదు, మర్నాడు ఉదయం డైలాగ్ పేపర్ చేతికొస్తుంది, అంతే. నేను లీడర్ని అడిగాను, "అన్నా, రాత్రి సిట్టింగ్‌కి నేనూ వస్తాను, నా సీను వరకే ఉంటాను" అని. "లేట్ అవుతుంది చెల్లెమ్మా, ఎందుకు నీకు?" అన్నాడు. హాస్టల్ గేటు పదింటికి వేసేస్తారు, అదీ నిజమే. కాబట్టి సిట్టింగ్ సాయంత్రం అయిదింటికి పెట్టించడానికే నాకు కొన్ని నెలలు పట్టింది. మొదట్లో నా పాత్రకి ఒక కౌంటర్, ఇంకొకరి పాత్రకి ఒక ముగింపు, అలా ఒక్కో లైను ఇస్తూ పోయాను. లైను పేలిన ప్రతిసారీ తర్వాతి వారం పిలుపు కాస్త సులువయ్యేది.

ఈలోగా స్కిట్ కట్టడం ఎలాగో కూర్చుని చదువుకున్నాను. నాకు పెద్ద బడి జంధ్యాల గారి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984). అందులో శ్రీలక్ష్మి గారి పాత్ర సినిమా కథ చెప్పడం మొదలుపెడితే టైటిల్స్ దగ్గర్నుంచీ చెబుతుంది. పాత్రకి ఒకే ఒక్క పిచ్చి. ఆ పిచ్చి ఆమెకి పిచ్చిలా అనిపించదు, చాలా శ్రద్ధగా, మర్యాదగా చేస్తుంది. స్కిట్ అంతా ఇదే. మొదటి అర నిమిషంలో పిచ్చి ఏమిటో జనానికి తెలిసిపోవాలి, తర్వాత అది మెట్టు మెట్టుగా పెరగాలి, ఇంక పెరగలేనప్పుడు లైట్లు తీసేయాలి. రెండో పిచ్చి తెచ్చి కలిపితే రెండూ చెడతాయి.

నేను సొంతంగా రాసిన మొదటి పూర్తి స్కిట్ డ్వాక్రా లీడర్ మీద. మా అమ్మ మా ఊళ్ళో సంఘం లీడర్. తీర్మానాల పుస్తకం, పొదుపు లెక్క, వేలిముద్రలు, వాయిదా కట్టనివాళ్ళ ఇంటి ముందు సభ్యులంతా వెళ్ళి కూర్చోవడం అన్నీ చూస్తూ పెరిగాను. స్కిట్‌లో పిచ్చి ఏమిటంటే, ఆవిడ ఇంటిని కూడా సంఘంలాగే నడుపుతుంది. మొగుడు ఐదొందలు అడుగుతాడు. "ఎజెండాలో లేదండీ" అంటుంది. తర్వాత మెట్టు, తీర్మానం రాస్తే రెండో లీడర్ సంతకం కావాలి, ఆ రెండో లీడర్ అత్తగారు. ఆ పై మెట్టు, వచ్చిన చుట్టం కాఫీ తాగాలంటే హాజరు పట్టీలో వేలిముద్ర వేయాలి. చివరికి మొగుడు వాయిదా తప్పుతాడు, వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి గుమ్మం ముందు కూర్చుంటారు, వాళ్ళలో ముందు కూర్చున్నది కన్నతల్లి.

మొదట పన్నెండు పేజీలు వచ్చింది. మనకిచ్చేది ఆరేడు నిమిషాలు, ఎంత గబగబా చెప్పినా పేజీకి నిమిషం పడుతుంది. సగం కొట్టేయాలి. అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్నది అత్తగారితో ఒక మాట దగ్గర. మొదట ఇలా రాశాను: "జామీను మీరే అత్తయ్యా, మీ అబ్బాయి వాయిదా కట్టలేదు." చదివితే చప్పగా ఉంది. జామీను అన్న మాటతో విషయం తెలిసిపోయింది, వెనకున్నది వినక్కర్లేదు. "మీ అబ్బాయి వాయిదా కట్టలేదత్తయ్యా. జామీను మీరే." ఇప్పుడు దెబ్బ చివర పడింది, దాని వెనక మాట లేదు, అత్తగారు నోరు తెరుచుకుని ఉండటానికి చోటు దొరికింది. అప్పట్నుంచి ఏ స్కిట్ రాసినా ప్రతి పంచ్‌నీ పైకి చదువుతాను. నవ్వాల్సిన మాట తర్వాత ఇంకేమైనా మిగిలి ఉంటే కొట్టేస్తాను.

సిట్టింగ్‌లో చదివాను. నవ్వారు. లీడర్ అన్నాడు, "బాగుంది చెల్లెమ్మా, లీడరమ్మ క్యారెక్టర్ మనవాడు గెటప్ వేస్తే అదిరిపోద్ది." నేను కదల్లేదు. "అన్నా, ఇప్పుడు మీరు నవ్వింది నేను చదివితేనే కదా. ఈ ఒక్కటి నన్ను వేయనివ్వండి, పేలకపోతే మళ్ళీ అడగను" అన్నాను. లేడీ గెటప్ వేసే ఆ నటుడే నా వైపు మాట్లాడాడు. "ఇది ఆవిడే చేయాలన్నా, ఆ పుస్తకం పట్టుకోవడం నాకు రాదు" అన్నాడు. ఆ సాయం నేను మరిచిపోను. స్కిట్ పేలింది. మా అమ్మ సంఘం సభ్యులు ఊళ్ళో ఒకే ఇంట్లో కూర్చుని చూసి, వీడియో కాల్ చేసి, హాజరు పట్టీని తప్పుగా పట్టుకున్నానని కూడా చెప్పారు.

ఎపిసోడ్ చివర పేర్లు పడ్డాయి. నటీనటుల్లో నా పేరుంది. రచన దగ్గర లేదు. అడిగితే, "టీమ్ రాసింది కదమ్మా" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భానుమతి గారు గుర్తొచ్చారు. అంత పెద్ద నటి అత్తగారి మీద హాస్య కథలు రాస్తే అవి ఆవిడ పేరు మీదే నిలిచాయి. నా పేరు మీద నా రాత ఎందుకు ఉండకూడదు?

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు ఇది చెప్పినవాళ్ళు ముందు ఎవరూ లేరు. నాటకాల స్నేహితురాలు ఒకావిడ లాయరు. ఆవిడ దగ్గర తెలుసుకున్నవి ఇవి. ఆలోచనకి కాపీరైట్ ఉండదు. 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. డ్వాక్రా లీడర్ మీద స్కిట్ ఎవరైనా రాసుకోవచ్చు. కానీ నేను రాసిన మాటలు, సీన్ల అల్లిక నావి. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రాసిన క్షణం నుంచే ఆ హక్కు పుడుతుంది, రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు. అయినా తగాదా వస్తే రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్లోనే దరఖాస్తు పెట్టొచ్చు, ఒక రచనకి రుసుము 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, తర్వాత పరిశీలిస్తారు. ప్రతి స్కిట్‌కీ ఇది చేయలేం కాబట్టి, నేను సిట్టింగ్‌కి వెళ్ళేముందే పీడీఎఫ్‌ని టీమ్ అందరికీ మెయిల్ చేస్తాను. తేదీ అందులోనే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైనది. హక్కులు ఇచ్చేయడం నోటిమాటతో కుదరదు, రాతపూర్వకంగా ఉండాలి. కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. నెల జీతానికి ఉద్యోగిగా చేరి రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు యజమానిదే. కాబట్టి చేరేముందే కాగితం చదవాలి, "అందరూ పెట్టే సంతకమేనమ్మా" అంటే కంగారు పడకూడదు.

ఇవి పట్టుకుని తర్వాతి కార్యక్రమానికి పిలిచినప్పుడు మేనేజర్ దగ్గర కూర్చున్నాను. "ఆర్టిస్టుకి రైటింగ్ పేమెంట్ ఏంటమ్మా, ఎప్పుడూ లేదే" అన్నాడు ఆయన. "సార్, నటనకి ఒకటి, రాతకి ఒకటి. రాత వద్దంటే నటిస్తాను, స్క్రిప్ట్ మీరు తెచ్చుకోండి" అన్నాను. టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి గానీ గొంతు మాత్రం వణకలేదు. వారం రోజులు ఫోన్ రాలేదు. వచ్చాక, తెర మీద ‘రచన’ అని నా పేరుతో కార్డు వేయడానికి ఒప్పుకున్నారు, రాతకి విడిగా డబ్బు రాశారు. నేను అడిగినదానికన్నా తక్కువే, అయినా విడిగా రాశారు.

అమెరికాలో ‘సాటర్డే నైట్ లైవ్’ అనే టీవీ స్కిట్ల కార్యక్రమం 1975లో మొదలైతే, రచయితల బృందానికి తొలి మహిళా అధిపతిగా టీనా ఫే వచ్చింది 1999లో. ఇరవై నాలుగేళ్ళు. ఆవిడ షికాగోలోని సెకండ్ సిటీ అనే హాస్య నాటక సంస్థలో వేదిక మీద నేర్చుకుని, ఈ కార్యక్రమంలో రచయితగా చేరి, ఆ తర్వాతే తెర మీదకి వచ్చింది. నాది తిరగేసిన దారి. ఆ కార్యక్రమంలో బుధవారం అందరూ బల్ల చుట్టూ కూర్చుని నలభై దాకా స్కెచ్‌లు చదువుతారట, శనివారం ప్రసారానికి మిగిలేవి అందులో కొన్నే. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. కాగితం మీద పేరున్న ప్రతివాళ్ళదీ గట్టిగా చదివి వినిపిస్తారు, తర్వాతే తీసేస్తారు. మా చిన్న యూట్యూబ్ టీమ్‌లో ఇప్పుడు అలాగే చేస్తున్నాం. రాసింది ఎవరైనా సరే, మేకప్ అమ్మాయి అయినా సరే, ముందు పూర్తిగా చదవాలి, మధ్యలో ఎవరూ పంచ్ వేయకూడదు. నవ్వు వచ్చిన చోట గీత గీస్తాం. గీతలు లేని పేజీ పోతుంది.

ప్రస్తుతం ఒక కార్యక్రమంతో కొత్త ఒప్పందం మీద మాట్లాడుతున్నాను. కార్డు, విడి పారితోషికం ఒప్పుకున్నారు. పేచీ ఒక్కచోట ఉంది. స్కిట్‌ని ముక్కలు చేసి యూట్యూబ్‌లో, షార్ట్స్‌లో మళ్ళీ మళ్ళీ వేస్తారు, దాని ఆదాయంలో రాసినవాళ్ళకి పైసా రాదు. 2012 సవరణ తర్వాత రచయిత రాయల్టీ హక్కుకి చట్టంలో చోటుంది, అది వదులుకున్నట్టు రాసిన క్లాజుని నేను కొట్టేసి పంపాను. వాళ్ళ లాయరు నుంచి జవాబు రావాలి. ఇదే కాగితాన్ని మా టీమ్‌లో రాసే మిగతా ఇద్దరమ్మాయిలకి కూడా ఇచ్చాను, వాళ్ళ ఒప్పందాల్లోనూ ఆ క్లాజు చూసుకోమని.