మారేడుమిల్లి ఘాట్‌లో అడ్డతీగ వెంట

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి 85 కిలోమీటర్లు, కాస్త అటూఇటూగా. విస్తరాకులు కుట్టే అడ్డాకు కాసే అడవితీగే అడ్డతీగ. దీని పువ్వు చూడాలంటే ఏప్రిల్, జూన్ మధ్యనే వెళ్లాలి. అందుకే మే ఎండల్లో బయల్దేరాను. అడ్డతీగల అనే ఊరు కూడా ఈ ప్రాంతంలోనే ఉంది.

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కుతుంటే రోడ్డు అంచునే తీగ నేల దాకా దిగి కనిపిస్తుంది. నాలుగడుగులు లోపలికి వేస్తే ఆకు మాయం, మోకులాంటి కాండమే మిగులుతుంది. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. గిల్లతీగ, తీగమోదుగ కాండాలూ దూరానికి ఇలాగే ఉంటాయి. కాండం చూసి పేరు చెప్పకుండా కింద రాలిన ఆకు వెతకాలి. తీగమోదుగకు మూడేసి ఆకులు, గిల్లతీగకు ఈనెకు అటూఇటూ చిన్నాకులు. అడ్డకు ఒకటే పెద్దాకు, ఆవు డెక్కలా కొసన రెండుగా చీలి ఉంటుంది.

నేను కొలిచిన వాటిలో పెద్దాకు 34 సెంటీమీటర్ల వెడల్పుంది. ఇంతకంటే పెద్దవీ ఉంటాయి. తొడిమ దగ్గర హృదయాకారం, అక్కడినుంచి వేళ్లు చాపినట్టు 11 నుంచి 15 ఈనెలు. పైన నున్నగా, అడుగున తుప్పురంగు నూగు. లేత చిగురైతే మొత్తం ముఖమల్ గుడ్డే.

చిగురు కొమ్మల మీద నులితీగలు జంటగా, పొట్టేలు కొమ్ముల్లా లోపలికి చుట్టుకుని ఉంటాయి. సన్నటి పుల్ల దొరికితే బిగుసుకుని, ముదిరి కట్టెలా గట్టిపడతాయి. లావు మానును మాత్రం పట్టలేవు. మొదట పొదలు, చిన్న మొక్కలు పట్టుకుని, వాటి మీదుగానే పెద్ద చెట్ల తలకెక్కుతాయి. వెలుతురూ సన్నకొమ్మలూ దొరికే రోడ్డు అంచుల్లో ఈ తీగ గుబురుగా ఉండడానికి కారణం ఇదే. తెగిపడిన ముదురు కాండాన్ని చూస్తే చేవ ఒకే ముద్దగా ఉండదు. పాయలు పాయలుగా చీలి, సందుల్లో మెత్తటి భాగం ఉంటుంది. అందుకే మెలిపడినా విరగదు. దీని నారతో తాళ్లు పేనుతారు.

పువ్వులు కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. బైనాక్యులర్ లేకపోతే రాలినవే గతి. అయిదు రేకులు, పూసినప్పుడు తెలుపు, వాడేకొద్దీ మీగడ రంగు. పుప్పొడినిచ్చే కేసరాలు మూడే.

పేరు సంగతి చిక్కుగానే ఉంటుంది. దీనికి వృక్షశాస్త్రవేత్త వాల్ పెట్టిన ‘బౌహీనియా రసిమోసా’ అనే శాస్త్రీయ నామాన్ని అంతకుముందే లామార్క్ అనే మరో శాస్త్రవేత్త మన ఆరెచెట్టుకు పెట్టేశాడు. దాంతో 1834లో వైట్, ఆర్నట్ అనే వృక్షశాస్త్రవేత్తలు దీన్ని వాల్ పేరుమీదే బౌహీనియా వాహ్లీ అన్నారు. ఇప్పుడు ఫానేరా వాహ్లీ అంటున్నారు. పాత పుస్తకంలో రసిమోసా అని కనబడితే చెట్టా, తీగా అన్నది ముందు చూసుకోవాలి.

ఏజెన్సీలో మాత్రం అడ్డాకు అంటే విస్తరాకే. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో ఇదీ ఒకటి. మరీ లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది, ముదిరింది మడతపెడితే పెళుసుగా విరుగుతుంది. నడిమి వయసుదే కోయాలి. ఎండబెట్టి బరువు కింద అణచి, కుట్టబోయే ముందు నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. నున్నటి వైపు పైకి పెట్టి వెదురు పుల్లలతో కుడతారు. తడి ఆరకుండా కట్ట కడితే బూజు ఖాయం. కొక్కెం కర్రతో కొమ్మ వంచి ఆకు కోస్తే తీగ మళ్లీ చిగురిస్తుంది. మొదలు నరికితే ఒక్కరోజు ఆకు చేతికొస్తుంది, ఏళ్లు పెరిగిన తీగ పోతుంది. పెద్ద చెట్లను కమ్మేస్తుందని అటవీశాఖవాళ్లు దీన్ని కొట్టించడమూ ఉంది. టేకు తోటలో అది న్యాయమే, సహజారణ్యంలో కాదంటాను.

నమూనాకు ఆకు తెస్తే నడిమి ఈనె మీదుగా మడిచి న్యూస్‌పేపర్ల మధ్య పెట్టాలి. అడుగు నూగు తడిని వదలదు. కనీసం అయిదు రోజులు రోజూ కాగితం మార్చకపోతే నల్లబడుతుంది.

తిరిగొచ్చే దారిలో నేలమీద పోయినేటి కాయలు దొరికాయి. జానెడుకు పైగా పొడవు, చెక్కలా గట్టివి. ఎండకు టప్పున పగిలి రెండు బద్దలూ మెలిపడి ఉన్నాయి, గింజలన్నీ ఎటో ఎగిరిపోయాయి. ఒక్క బద్దలో మాత్రం చదునైన ముదురు గోధుమరంగు గింజ ఇరుక్కుని ఉంది. అడ్డపిక్కలని కాల్చుకుని తినేవి ఇవే.