అద్దం మీద ఉప్పు

ఈసారి నాకు సెలవు మే నెలలో దొరికింది. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉండే కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వలలు బాగుచేసుకోవడం, రంగులు వేయడం, ఇంజన్లు విప్పడం అన్నీ ఆ రెండు నెలల్లోనే. ఇంటికొచ్చిన మూడో రోజే మా బావ గుడ్డలో చుట్టిన మోటారొకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"అబుదాబీలో నీ పని ఇదే కదా. ఏటైందో చూడరా. ఒక్క సీజన్లో రెండు కాలిపోనాయి."

వీల్‌హౌస్, అంటే బోటు నడిపే గది, అద్దం తుడిచే వైపరు మోటారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వార్నిష్ వాసన. మూత విప్పాను. రాగి చుట్ట నల్లగా కమిలిపోయి ఉంది. గాజువాక ఆటోనగర్‌లో కొన్న లారీ మోటారు అది. డూప్లికేట్ సరుకు అంటగట్టారని బావ నమ్మకం. నాకలా అనిపించలేదు. గేరు పళ్లు అరగలేదు, బేరింగు గట్టిగానే ఉంది. బయట ఏదో దాన్ని తిరగనివ్వలేదు.

అబుదాబీలోని ముసఫాలో నాది ఎలక్ట్రీషియన్ పని. సముద్రంలో ఉన్న చమురు ప్లాట్‌ఫారాలకు మనుషుల్ని చేరవేసే బోట్లు మావి. వెళ్లిన కొత్తలో నాకొకటి అర్థమయ్యేది కాదు. వాన చుక్క అరుదుగా పడే చోట వైపర్లు ఇన్ని కాలిపోవడమేమిటి? మా మలయాళీ ఫోర్‌మన్ నన్ను అద్దం దగ్గరికి తీసుకెళ్లి వేలితో రాసి చూపించాడు. వేలు గరగరమంది. బోటు పరుగుకు ఎగిరిన తుంపర అద్దం మీద పడి ఆ ఎండకు ఇట్టే ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. పైన షమాల్, అంటే గల్ఫ్‌లో వాయవ్యం నుంచి వీచే గాలి, మోసుకొచ్చే సన్న దుమ్ము. రెండూ కలిసి గరుకు కాగితంలా పట్టేస్తాయి. ఆ పొడి అద్దం మీద స్విచ్ వేస్తే రబ్బరు కదలదు, మోటారు మాత్రం తోస్తూనే ఉంటుంది. హాయిగా తిరిగే మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆగిపోయి తోసేది దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. కరెంటు రెండింతలైతే చుట్టలో పుట్టే వేడి నాలుగింతలు.

ఒక రాత్రి సంగతి నేను మరిచిపోలేను. మనుషుల్ని ఎక్కించుకుని వస్తున్న బోటులో వైపరు ఆగింది. కాసేపటికి దానంతటదే తిరిగింది, మళ్లీ ఆగింది. లూజ్ కాంటాక్ట్ అనుకుని నేను తెల్లారేదాకా వైర్లన్నీ లాగి చూశాను. చివరికి తేలిందేమిటంటే, ఆ మోటారు లోపల వేడెక్కితే తెగి, చల్లారితే కలిసే చిన్న స్విచ్చు ఉంది. పాపం అది చెప్పాల్సింది చెబుతూనే ఉంది. ఒడ్డుకొచ్చాక కెప్టెన్‌ను చూశాను. దారంతా పక్క కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడట. కళ్లు ఉప్పునీటికి చింతనిప్పుల్లా ఉన్నాయి. సముద్రంలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఐదోది, ప్రతి నౌకా ఎప్పుడూ కళ్లతో, చెవులతో సరిగా కాపు కాయాలని చెబుతుంది. ఆ కళ్లు చూసిన రోజు నుంచి నాకు వైపరు చిన్న పనిగా అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే బావతో జెట్టీకి వెళ్లాను. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ మీద ఇంకా మంచు తెర. నేర్చుకున్న పద్ధతి ప్రకారం మోటారు జోలికి పోకుండా ముందు వైపరు చేయి విప్పేసి, షాఫ్టును వేళ్లతో తిప్పాను. రాలేదు. ప్లయర్ పెడితే కిర్రుమని కొద్దిగా కదిలింది. షాఫ్టు తిరిగే ఇత్తడి గొట్టం, బుష్, దాని చుట్టూ పచ్చగా చిలుము, సందుల్లో తెల్లగా ఉప్పు.

"దీన్ని తిప్పలేకే చచ్చిపోయింది బావా, ఆ మోటారు" అన్నాను. బావ ఏమీ అనలేదు. వంగి ఆ పచ్చదనాన్ని గోటితో గీకి చూశాడు.

అదొక్కటే కాదు. ఇంజన్ గదిలోని బ్యాటరీల నుంచి పైదాకా ఇంట్లో ఫ్యానుకు వాడే సన్న వైరు లాగారు. బ్యాటరీ దగ్గర 25 వోల్టులు, స్విచ్ వేసి మోటారు దగ్గర కొలిస్తే 19. వోల్టేజీ తగ్గితే బలం తగ్గుతుంది, కాస్త పట్టేసినా ఆగిపోతుంది. లారీకి ఇనుప బాడీయే నెగటివ్, కరెంటు దాని గుండానే తిరిగి వెళ్తుంది. చెక్క బోటుకు ఆ బాడీ ఎక్కడిది? తిరుగు వైరును తుప్పు పట్టిన బోల్టుకు చుట్టి వదిలేశారు. ఫ్యూజ్ పోయిన చోట రాగి తీగ పెట్టారు. అది చూసినప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ వైరు పక్కనే డీజిల్ పైపు పోతోంది.

బుష్‌ను రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, గీకి, గ్రీజు పెట్టాం. 4 స్క్వేర్ ఎంఎం లావు వైరు పోను ఒకటి, రాను ఒకటి లాగాను. సరైన ఫ్యూజ్ వేశాను. కొత్త మోటారును ఇరవై నిమిషాలు తిప్పి చేయి పెట్టి చూశాను. గోరువెచ్చన. పొడి అద్దం మీద స్విచ్ వేయొద్దని, ముందు మంచినీళ్లు కొట్టమని బావకు పదిసార్లు చెప్పాను. నేను లేనప్పుడు ఎవరు గుర్తుచేస్తారు?

జూన్ 14 అర్ధరాత్రి నిషేధం తీరింది. అప్పటికి నేను ముసఫాలో ఉన్నాను. అక్కడ జూన్ 15 నుంచి మధ్యాహ్నం 12:30కి ఎండలో పని ఆపి, 3 గంటలకు మళ్లీ మొదలుపెడతారు. నాలుగో రోజు ఆ విరామంలోనే బావ ఫోన్ చేశాడు. వైజాగ్‌లో అప్పుడు మూడు దాటింది. వేట నుంచి అప్పుడే జెట్టీకి వచ్చారట, వెనక జనం కేకలు.

"రెండు రాత్రులు వానేరా. ఆగనేదు. చెయ్యెట్టి సూసినాను, కాలనేదు."

"నీళ్లు కొట్టావా ముందు?"

"మీ అప్ప రెండు సీసాలు నింపి ఇచ్చింది. మూత మీద నీ పేరు రాసింది."