మా ఊరి బడి హాజరు పట్టిక

ఈ జూన్‌లో ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని చేర్పించే బడిబాట కార్యక్రమం జరుగుతుండగా హైదరాబాద్ నుంచి మా ఊరికి వెళ్లి, నేను చదువుకున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో అడుగుపెడితే, ఐదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో కనిపించారు. హాజరు పట్టికలో సగం పేజీ ఖాళీ. ఐదో తరగతి పాప మాత్రం తెలుగు పాఠాన్ని తడుముకోకుండా చదివింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులే. ఒకరు సెలవు పెడితే రెండోవారే అన్ని తరగతులూ చూసుకోవాలి. 2022-23లో ఆంగ్ల మాధ్యమం వచ్చినా, మా చిన్నమ్మ మనవడు మండల కేంద్రానికి వెళ్లే ప్రైవేటు బడి బస్సే ఎక్కుతున్నాడు. "అక్కడ తరగతికో టీచరుంటది బిడ్డా" అంది చిన్నమ్మ. ఆమెను తప్పు పట్టలేకపోయాను. ఉప్పల్‌లో నా కూతురు చదివేదీ ప్రైవేటు బడిలోనే.