ఏ రాయి కాడ నుంచి?

సంక్రాంతి సెలవుకు తిరుపతి వచ్చిన మూడో రోజు, రాత్రి 9.30కి ఫోన్ మోగింది. నెదర్లాండ్స్‌లో అప్పుడు సాయంత్రం 5. మేం చూసే ఒక ఊరి డ్రైనేజీ మ్యాప్‌లో కొత్తగా ఎక్కించిన మ్యాన్‌హోల్స్ కనిపించడం లేదట. పొద్దున్నే పనివాళ్లు ఆ మ్యాప్‌తోనే రోడ్డు మీదికి పోవాలి. డేటా ఎక్కించే స్క్రిప్టు నేను రాసిందే. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

మ్యాపులు చూసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వెతికితే దొరికాయి. ప్యారిస్‌కు ఆగ్నేయాన, ఒక్క చుక్కగా. జూమ్ చేస్తూ పోతే ఊరు ఊరంతా అరచేయంత జాగాలో ఉంది.

నీళ్లు తాగడానికి లేచిన నాయన వెనకాల నిలబడ్డాడు. రిటైరైన సర్వేయరు. 100 లింకుల గొలుసు పట్టుకుని చంద్రగిరి పొలాలన్నీ తిరిగిన మనిషి. జరిగింది చెప్పాను. "ఏ రాయి కాడ నుంచి కొలిచినావో రాసుకోలేదా?" అన్నాడు.

ఆరేళ్లుగా నా పనేంటో ఆయనకు చెప్పలేకపోయాను. సరిగ్గా ఆయన అడిగిందే నా తప్పు.

మన దగ్గర దారి చెప్పాలంటే అలిపిరి గరుడ విగ్రహం నుంచి మొదలుపెట్టినట్టు, డచ్ వాళ్ల కొలతలకు ఆమర్స్‌ఫోర్ట్‌లోని పాత చర్చి గోపురం ఆధారం. దానికి 155000, 463000 అని మీటర్లలో అంకెలిచ్చారు. దేశంలో ఎక్కడా మైనస్ రాకుండా సున్నాను ఫ్రాన్స్‌లోకి జరిపారు. ఫోన్ జీపీఎస్ ఇచ్చేది మాత్రం డిగ్రీలు: 5.3, 52.1. మా డేటాబేస్ టేబుల్ ఈ డచ్ కొలతల కోడ్ 28992 తప్ప ఇంకోటి తీసుకోదు. నా స్క్రిప్టు సెట్ఎస్ఆర్ఐడీ అనే, కోడ్ మాత్రమే తగిలించే కమాండ్‌తో ఆ డిగ్రీల మీద 28992 అని ముద్ర కొట్టి లోపలికి తోసింది. ముద్ర మారింది, అంకెలు మారలేదు. 5.3 డిగ్రీలు 5.3 మీటర్లయి కూర్చున్నాయి.

ముందు బ్యాకప్ తీశాను. టేబుల్‌లో పాత వరసలు బాగానే ఉన్నాయి, అన్నిటినీ కలిపి మారిస్తే అవీ పాడవుతాయి. ఆ దేశంలో ఎక్కడైనా వై విలువ, అంటే ఉత్తరం వైపు కొలిచే అంకె, 3 లక్షలు దాటుతుంది కాబట్టి, 100 లోపున్న వాటినే పట్టుకున్నాను. వాటికి మొదట అసలు ముద్ర, అంటే డిగ్రీల కోడ్ 4326 వేసి, ఆ తర్వాతే 28992కి ట్రాన్స్‌ఫామ్ చేశాను, అంటే అంకెలనే మీటర్లలోకి మార్చాను. ఇలాంటి అంకెలు మళ్లీ చొరబడకుండా చెక్ కూడా పెట్టాను. చుక్కలు ఒక్కసారిగా వీధుల్లోకి వచ్చి పడ్డాయి.

నాయన స్క్రీన్ మీద గోపురం ఫొటో చూపించమన్నాడు.

"ఇదేనా రాయి? ఎంత ఎత్తు?"

"98 మీటర్లు, నాయనా."

"ఇంకేం మరి, యాడ నుంచి చూసినా కనపడతాది" అని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.