బెంజోఫినోన్ నీలిమ

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే రోజుల్లో మా ప్రయోగశాలలో ద్రావణిగా వాడే టెట్రాహైడ్రోఫ్యూరాన్‌ను శుద్ధి చేసే ఫ్లాస్కులో ద్రవం ముదురు నీలం రంగులో మరుగుతూ ఉండేది. ఆ నీలం నిలిచి ఉంటేనే ద్రావణిని పట్టుకోవాలని సీనియర్లు మొదటి రోజే చెప్పారు. ఆ రంగుకు మూలమైన బెంజోఫినోన్ మీద నాకు ఇష్టం అప్పుడే మొదలైంది.

కార్బొనైల్ సమూహానికి (ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్‌కు) రెండు పక్కలా ఒక్కో బెంజీన్ వలయం ఉన్న ఈ ఆరోమాటిక్ కీటోన్ అణుభారం 182. ఇది జెరేనియంను తలపించే వాసన గల తెల్లని స్ఫటిక పదార్థం. నీటిలో కరగదు, ఆల్కహాలులోనూ ఈథరులోనూ కరుగుతుంది. ద్రవీభవన స్థానం 48 డిగ్రీల సెల్సియస్ మాత్రమే కాబట్టి, మే నెలలో మన ఎండకు వదిలేసిన సీసాలో కరిగిపోయి కనిపించినా ఆశ్చర్యం లేదు.

శుద్ధి ఫ్లాస్కులో బెంజోఫినోన్‌తో పాటు ఉండే సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చినప్పుడు బెంజోఫినోన్ కీటిల్ అనే నీలి రంగు రాడికల్ ఆనయాన్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న రుణావేశ కణం)‌గా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్ రెండు వలయాల మీదుగా పరుచుకోవడం వల్ల కీటిల్ నిలదొక్కుకుంటుంది గానీ, నీరు తగిలినా ఆక్సిజన్ తగిలినా నశించి రంగు పోతుంది. అందుకే నీలం ఉన్నంతవరకు ద్రావణిలో ఆ రెండూ లేవని నమ్మవచ్చు. అయితే సోడియం, మండే ద్రావణి, వేడి ఒకే ఫ్లాస్కులో ఉండే ఈ పద్ధతి ప్రమాదకరమైనది; ఫ్లాస్కును పూర్తిగా ఇంకిపోనివ్వకూడదు. చాలా ప్రయోగశాలలు ద్రావణిలోని తేమను పీల్చుకునే అల్యూమినా స్తంభాలకు మారడం మంచి పనేనని నేను భావిస్తాను.

మిగిలిన సోడియాన్ని నెమ్మదిగా నిర్వీర్యం చేయడానికి మేము వాడిన ఐసోప్రొపైల్ ఆల్కహాలే బెంజోఫినోన్ చేసే మరో అందమైన చర్యకూ ఆధారం. ఆల్కహాలులో బెంజోఫినోన్ మీద కాంతి జరిపే ఈ తరహా చర్యను 1900లో ఇటలీలోని బొలోన్యాలో రసాయన శాస్త్రవేత్తలు చామిచాన్, సిల్బర్ చూపారు. బెంజోఫినోన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కరిగించి, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం కలిపి, బిరడా బిగించి ఎండలో పెడితే చాలు. అతినీలలోహిత కాంతిని గ్రహించిన అణువు ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితికి చేరి, ఆల్కహాలు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. అలా ఏర్పడిన రాడికల్‌లు రెండేసి జతకట్టి బెంజోపినకాల్ అవుతాయి. ఆ ఒక్క చుక్క ఆమ్లాన్ని మరవకూడదు, ఎందుకంటే గాజు నుంచి వచ్చే కొద్దిపాటి క్షారం కూడా బెంజోపినకాల్‌ను విడగొట్టగలదు.

నా ఫ్లాస్కులో మూడో రోజు సాయంత్రానికి స్ఫటికాలు దిగాయి. వడగట్టి ఆరబెట్టి వేడి చేస్తే, 48 డిగ్రీలు ఎప్పుడో దాటిపోయినా చెక్కు చెదరక, 180 దాటాక గానీ అవి కరగలేదు.