అమ్మోనియా 1 చూపించిందంటే ఎంత ప్రమాదం? కావలిలో మా ట్యాంకు నేర్పింది

మే నెలలో మా పాప పుట్టినరోజుకి రెండడుగుల గాజు ట్యాంకు కొన్నాం. నీళ్లు 50 లీటర్ల పైచిలుకు పడతాయి. మూడు గోల్డ్‌ఫిష్, ఆరు మోలీలు ఒకే రోజు తెచ్చి వేసేశాను. కొత్త ట్యాంకులో చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియా అనే విషాన్ని తినే బ్యాక్టీరియా ఇంకా పుట్టి ఉండదని, అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని షాపులో ఎవరూ చెప్పలేదు. ఆరో రోజు పొద్దున చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సాయంత్రానికి రెండు మోలీలు పోయాయి. పాప ఆ రాత్రి అన్నం తినలేదు.

వెంటనే నీళ్లలో అమ్మోనియా చూసే డ్రాప్స్ టెస్ట్ కిట్ తెప్పించాను. 5 ఎం.ఎల్. నీళ్లలో రెండు సీసాల నుంచి ఎనిమిదేసి చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగి చూడాలి. పసుపు వస్తే సున్నా, పచ్చదనం పెరిగేకొద్దీ అమ్మోనియా ఎక్కువ. నాకు 1 పీపీఎం, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము రంగు వచ్చింది. షాపుకి ఫోన్ చేస్తే "ఒకటేగా, ఏం కాదు" అన్నారు. నెట్‌లో చూస్తే కొందరు చేపలు చచ్చిపోతాయని, కొందరు పర్వాలేదని రాశారు. టెన్షన్‌తో ఎవరి మాట నమ్మాలో అర్థం కాలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు మా బావ. ఆయనకి జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలున్నాయి, వనామి వేస్తాడు, అమ్మోనియాతో ఏళ్ల తరబడి పోరాడుతున్న మనిషి. నేను 1 అనగానే ఆయన అడిగిన మొదటి మాట, "పీహెచ్ ఎంత అబ్బాయ్? నీళ్లు ఎంత వేడిగా ఉండాయి?" పీహెచ్ అంటే నీళ్లు ఆమ్లం వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే అంకె. నేను బోరు నీళ్లు పట్టి చూసినప్పుడు 7.2 వచ్చిందని చెప్పాను. "బోరు నీళ్లు కాదయ్యా, ట్యాంకులోవి చూడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడు."

చూశాను. మొదట కిట్‌లోని మామూలు పీహెచ్ సీసాతో చూస్తే 7.6 దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే ఆ చార్టు అంతవరకే ఉంటుంది, దానికి పైన ఎంతున్నా అదే నీలం చూపిస్తుంది. హై రేంజ్ సీసాతో చూస్తే పొద్దున 8.0, మధ్యాహ్నం 8.4! మా బోరు నీళ్లు భూమిలో ఉన్నప్పుడు వాటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్‌ని తగ్గించి ఉంచుతుంది, ట్యాంకులో ఎయిర్ పంపు బుడగలకి అది బయటకి పోయి పీహెచ్ పైకెక్కుతుంది. దానికి తోడు కిటికీ ఎండకి గాజుకి పట్టిన నాచు పగలంతా మిగిలిన దాన్ని కూడా పీల్చేస్తుంది. గుంటల్లో జరిగేదీ ఇదేనట.

ఇది నాకు కళ్లు తెరిపించిన విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కిట్ చూపించే 1 పీపీఎం మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలుంటాయి. చేపకి పెద్దగా హాని చేయని అమ్మోనియం ఒకటి, మొప్పల్ని కాల్చేసే ఫ్రీ అమ్మోనియా ఒకటి. ఏది ఎంత ఉండాలో పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. మా ట్యాంకు నీళ్లు ఆ రోజుల్లో 32 డిగ్రీలు. పీహెచ్ 7.2 ఉంటే 1 పీపీఎంలో ఫ్రీ అమ్మోనియా సుమారు 0.014 మాత్రమే, కానీ 8.4 దగ్గర సుమారు 0.19. 0.05 దాటితేనే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఒకే పచ్చరంగు, పదమూడు రెట్లు తేడా! నెట్‌లో పర్వాలేదన్నవాళ్లూ, చచ్చిపోతాయన్నవాళ్లూ ఇద్దరూ వాళ్ల వాళ్ల నీళ్లని బట్టి నిజమే చెప్పారు.

రోజుకి పావు వంతు నీళ్లు మార్చడం మొదలుపెట్టాను, బోరు నీళ్లు ముందు రోజు రాత్రే బకెట్లలో పట్టి ఎయిర్ స్టోన్ వేసి ఉంచేవాడిని. మేత రోజు విడిచి రోజు, అదీ చిటికెడు. కిటికీకి గోనెపట్టా కట్టాను. తెలిసినవాళ్ల పాత ట్యాంకు ఫిల్టర్ నుంచి ఒక స్పాంజి ముక్క అడిగి తెచ్చి మా ఫిల్టర్‌లో పెట్టాను, అందులో బ్యాక్టీరియా ముందే ఉంటుంది కాబట్టి. అమ్మోనియాని కట్టేసే కండిషనర్ కూడా వాడాను. అది వేశాక కూడా టెస్టులో పచ్చరంగు తగ్గలేదని కంగారు పడ్డాను, కానీ కట్టేసిన అమ్మోనియాని కూడా ఈ కిట్ లెక్కలోకి తీసుకుంటుంది.

పది రోజులకి 0.25కి దిగి అక్కడే ఆగిపోయింది. రోజూ అదే. చివరికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకుని దానికీ అదే టెస్ట్ చేశాను. ట్యూబ్‌లైట్ కింద అదీ లేత పచ్చగానే కనిపించింది! రెండు గొట్టాలూ వరండాలోకి తీసుకెళ్లి పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పెడితే రెండూ ఒకే పసుపు. అంటే నాలుగు రోజులుగా నేను ట్యూబ్‌లైట్‌ని చూసి భయపడుతున్నాను. ఇంకో పొరపాటు కూడా చేశాను, ఒకసారి ఫోన్ మాట్లాడుతూ ఇరవై నిమిషాల తర్వాత చూస్తే రంగు ముదిరిపోయింది. ఇప్పుడు ఫోన్‌లో ఐదు నిమిషాలకి అలారం పెట్టుకుంటాను.

అమ్మోనియా సున్నా అయ్యాక, బ్యాక్టీరియా దాన్ని మార్చగా వచ్చే నైట్రైట్ పెరిగింది, అదీ విషమే, కాబట్టి నీళ్లు మార్చడం ఆపలేదు. లీటరుకి ఒక గ్రాము చొప్పున రాళ్ల ఉప్పు కరిగించి పోశాను, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోకి వెళ్లనివ్వదు. జూన్ చివరికి నైట్రైట్ కూడా సున్నాకి వచ్చింది, అది మారి అయ్యే, అంత హాని లేని నైట్రేట్ కనిపించింది.

ఆగస్టులో ఒక రోజు కరెంటు ఆరు గంటలు పోయింది. ఫిల్టర్ ఆగింది. మర్నాడు పొద్దున వరండాలో చూస్తే 0.25, పక్కన డిస్టిల్డ్ వాటర్ గొట్టం పసుపు, అంటే ఈసారి నిజమే. పీహెచ్ 8.0, నీళ్లు 29 డిగ్రీలు, ఫ్రీ అమ్మోనియా లెక్క వేస్తే 0.02 లోపే. ఆ రోజు మేత వేయలేదు, రెండు బకెట్లు మార్చాను, ఎల్లుండికి పసుపు.